చేనులో పిడుగు గది: మార్చి నుంచి జులై దాకా రాసుకున్న లెక్క

మాది చండూరు, మర్రిగూడ మధ్య ఎర్ర చెల్క. నాలుగెకరాలు బత్తాయి, మూడెకరాలు పత్తి, దాన్ని ఆనుకుని కౌలుకు తీసుకున్న ఇంకో ఐదెకరాలు. పని ముమ్మరంగా ఉన్నప్పుడు 18 మంది కూలీలు ఉంటారు. పోయిన ఏప్రిల్‌లో గట్టు మీద చింతచెట్టుకు పిడుగు పడింది. పై కొమ్మ నుంచి మొదలు దాకా బెరడు పట్టీలాగా లేచిపోయింది. చెట్టు కింద నిలబడ్డ మూడు గొర్లు చనిపోయాయి. మా కూలీలు రోజూ సద్ది తినేది ఆ చెట్టు కిందే.

అందుకే ఉరిమినప్పుడు కూలీలు తలదాచుకోవడానికి చేనులో ఒక గది కట్టాను. ఇలాంటి గది కట్టాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. అచ్చం మాలాగే కట్టమని కాదు. నేను డబ్బులు పోగొట్టుకున్న చోట మీరు పోగొట్టుకోకుండా ఉంటే చాలు.

దశ 1: చోటు, దూరం (మార్చి 9 – 14)

వాన వస్తే పరిగెత్తడానికి మాకు మూడు చోట్లు ఉన్నాయి. మూడూ పనికిరావు.

1. చింతచెట్టు. పిడుగు చెట్టుకు తగిలితే కరెంటు మొదలు దగ్గరే ఆగదు, పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది. నేలలో పాకేది వేరే. గొర్లు, బర్లు ఎక్కువగా చావడానికి కారణం అదే: ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ, ఒక కాలి నుంచి ఇంకో కాలికి పోయే కరెంటు గుండె మీదుగా పోతుంది.
2. బోరు దగ్గరి మోటారు గది. ఆరడుగులకు ఆరడుగులు, గోడలు బాగానే ఉన్నాయి. కానీ లోపల స్టార్టర్ డబ్బా ఉంది. స్తంభం మీద తీగకు ఎక్కడ పిడుగు పడ్డా అది స్టార్టర్‌లోకి రావచ్చు. మాకు రెండేళ్లలో రెండు స్టార్టర్లు అలాగే కాలిపోయాయి.
3. పక్క చేనువాళ్ల రేకుల పందిరి. నాలుగు గుంజలు, పైన రేకులు. వాన ఆపుతుంది, పిడుగును ఆపదు. పక్కల గోడ లేని కప్పు కింద మనిషే కరెంటుకు దారి అవుతాడు. పైగా ఆ పందిరి రేకులు పోయిన మేలో లేచి మా బత్తాయిల మధ్య పడ్డాయి.

దూరాలు టేపుతో కొలిచాను. బత్తాయి తోట మొదట్లో, చింతచెట్టుకు 60 మీటర్ల దూరంలో, తీగల కింద పడకుండా ఒక చోటు దొరికింది. కౌలు చేను చివరి సాలు నుంచి అక్కడికి 410 మీటర్లు. మిట్ట మీద కట్టుకుంటే చుట్టూ కనిపిస్తుందని బాపు అన్నాడు. పిడుగుకి కూడా కనిపిస్తుందని చెప్పి పల్లంలోనే పెట్టించాను.

మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు 10 కిలోమీటర్లలోపు ఉన్నట్టు, అప్పుడే లోపలికి పోవాలి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటికి రాకూడదు. గది ఎంత పెద్దగా ఉండాలో ఈ రెండో లెక్క చెప్పింది: అరగంట పైన 18 మంది కూర్చోగలగాలి. 12 అడుగులకు 14 అడుగులు, ఎత్తు 8 అడుగులు. మనిషికి తొమ్మిది చదరపు అడుగులు వస్తాయి.

ఖర్చు: సున్న.

దశ 2: గుంతలు, ఇనుప చట్రం (మార్చి 18 – ఏప్రిల్ 2)

ఇటుకా స్లాబా, లేక ఇనుపచట్రానికి నాలుగు పక్కలా రేకులా అని రెండు రోజులు కొట్టుకున్నాను. పిడుగు కరెంటు లోహపు డబ్బా పైపొర మీదుగానే నేలలోకి దిగిపోతుంది, లోపలున్న మనిషి జోలికి రాదు. కారులో కూర్చుంటే బతికేది టైర్ల వల్ల కాదు, చుట్టూ ఉన్న ఇనుము వల్ల. అందుకే రేకుల గదినే ఎంచుకున్నాను. షరతు ఒక్కటే: డబ్బాకు నాలుగు పక్కలూ ఉండాలి, అన్నీ ఒకదానికొకటి అంటుకుని ఉండాలి.

గాలి లెక్క ముందే వేశాను. గాలి భారాలకు ఉన్న మన దేశపు ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్ల వేగం ఇచ్చారు. గంటకు 158 కిలోమీటర్లన్నమాట. ఆ వేగానికి చదరపు మీటరుకు దాదాపు 118 కిలోల ఒత్తిడి. మన కప్పు 15.6 చదరపు మీటర్లు, అంటే 1.85 టన్నులు. తలుపు తెరిచి ఉంటే గాలి లోపలి నుంచి కూడా ఎత్తుతుంది కాబట్టి ఒకటిన్నర రెట్లు వేసుకున్నాను: 2.8 టన్నులు. పక్క చేను పందిరి ఎందుకు ఎగిరిందో అప్పుడు అర్థమైంది. దాని గుంజలు మట్టిలో అడుగున్నరే దిగి ఉన్నాయి.

చేసిన వరుస:

1. ఆరు గుంతలు, ఒక్కొక్కటి 2 × 2 × 3 అడుగులు.
2. నాలుగు బాగానే దిగాయి. రెండింటిలో 20 అంగుళాలకే పరుపుబండ తగిలింది. గడ్డపార మొన వంగింది తప్ప బండ కదల్లేదు.
3. ఆ రెండు చోట్ల కంప్రెషర్ పిలిపించి బండలోకి అడుగు లోతు రంధ్రాలు, గుంతకు నాలుగేసి. వాటిలో 16 ఎం.ఎం. చువ్వలు నిలబెట్టి గ్రౌటు పోయించాను.
4. గుంజలు 3 అంగుళాల చదరపు పైపు, అడ్డాలు, దూలాలు 2 అంగుళాలవి. మొత్తం 402 కిలోలు.

నాలుగు గుంతల కాంక్రీటే 3.2 టన్నులు తూగుతుంది. ఎగిరే భయం పోయింది.

ఖర్చు: పైపులు 402 కిలోలు × 74 = 29,748. సిమెంటు 13 బస్తాలు 4,550. ఇసుక, కంకర 5,200. గుంతల కూలి 4,800. కంప్రెషర్ 3,000. వెల్డింగ్ 6,000.
ఇప్పటిదాకా: 53,298 రూపాయలు.

దశ 3: రేకులు (ఏప్రిల్ 5 – 13)

మొదటి పెద్ద తప్పు ఇక్కడే. నల్లగొండలో దుకాణానికి పోయి "కలర్ రేకులు" అన్నాను, మందం అడగలేదు. ఇంటికొచ్చాక కొలిస్తే 0.35 ఎం.ఎం. పిడుగుల రక్షణకు ఉన్న ప్రమాణం ఐఎస్/ఐఈసీ 62305 ప్రకారం పిడుగును అందుకునే ఉక్కు రేకు కనీసం 0.5 ఎం.ఎం. ఉండాలి. అంత ఉన్నా పిడుగు తగిలిన చోట చిన్న బొక్క పడొచ్చు. అసలు బొక్కే పడొద్దంటే 4 ఎం.ఎం. కావాలి, అది మన జేబు లెక్క కాదు.

వాపసు తీసుకున్నారు కానీ 1,200 కోసుకున్నారు. ఆటో కిరాయి రెండు పక్కలా కలిపి 900. మైక్రోమీటర్ నా సంచీలోనే ఉంది, దుకాణంలో బయటికి తీయడానికి మొహమాటపడ్డాను. ఆ మొహమాటం ఖరీదు 2,100.

రెండో తప్పు రేకులు బిగించాక బయటపడింది. కప్పు రేకుకీ గుంజకీ మధ్య మల్టీమీటర్ పెడితే 38 ఓములు చూపించింది (ఓము అంటే కరెంటుకు అడ్డును కొలిచే లెక్క, ఎంత తక్కువైతే అంత మంచిది). రెండూ ఇనుమే, మధ్యలో స్క్రూ ఉంది, అయినా అంత ఎందుకు? రంగు. రేకు మీద రంగు, పైపు మీద వెల్డర్ కొట్టిన రెడాక్సైడ్. స్క్రూ మర ఏదో ఒక అంచుకే తగులుతోంది.

"అన్నా, కొత్త రేకును గీకమంటవా? తుప్పు పడ్తది" అని వెల్డర్ బాధపడ్డాడు. గీకించాను. ప్రతి రేకుకూ కనీసం రెండు చోట్ల, రూపాయి బిళ్లంత వెడల్పున గ్రైండర్‌తో రంగు తీసి, పళ్ల వాషర్ వేసి బోల్టు బిగించి, పైన తారు రంగు పూశాం. మళ్లీ కొలిస్తే 0.3 ఓములు. అందులో మీటరు వైర్లదే సగం పైన ఉంటుంది. 27 చోట్లు ఇలా చేయడానికి ఒకటిన్నర రోజు పట్టింది. ఈ పని రేకులు ఎక్కించకముందు, నేల మీద ఉన్నప్పుడే చేసుంటే పూటలో అయిపోయేది.

కిటికీలు రెండు, అద్దాలు లేవు. 2 అంగుళాల వెల్డ్ మెష్ చట్రానికి నేరుగా అతికించాం. గాలి ఆడుతుంది, ఇనుప డబ్బా ఎక్కడా తెగదు.

ఖర్చు: రేకులు 620 చదరపు అడుగులు × 48 = 29,760. వాపసు నష్టం 2,100. స్క్రూలు, బోల్టులు 1,850. మెష్ 1,400. తలుపు 3,200.
ఇప్పటిదాకా: 91,608.

దశ 4: ఎర్తింగ్ (ఏప్రిల్ 15 – 29)

ఎర్తింగ్ అంటే పిడుగు కరెంటును నేలలోకి దింపే ఏర్పాటు. చాలా రోజులు తిన్న పని ఇది. ఎర్ర చెల్క, కింద బండ, ఏప్రిల్ నెల. అరచేతిలో పట్టుకుంటే మట్టి పిండిలాగా రాలిపోతోంది, తేమ అన్నది లేదు. పది అడుగుల పైపు దిగే చోటు ఎక్కడా దొరకలేదు. ఐదేసి అడుగులకు కోయించాను.

1. గది చుట్టూ గోడకు మూడడుగుల దూరంలో, అడుగున్నర పైన లోతులో 25 × 3 ఎం.ఎం. జీఐ (జింకు పూత ఇనుము) పట్టీ. చుట్టుకొలత 24 మీటర్లు.
2. నాలుగు మూలలా ఐదడుగుల జీఐ పైపు, మూల గుంజకు, పట్టీకి బోల్టు.
3. ఎర్త్ టెస్టర్ (నేలలోకి కరెంటు దిగడానికి ఎంత అడ్డుందో కొలిచేది) రోజుకు 500 కిరాయి. కొలవడానికి దాని రెండు ఇనుప మేకులు దూరంగా నేలలో గుచ్చాలి.

మొదట ఒక్క పైపునే కొలిస్తే 210 ఓములు. మిగతావీ పట్టీ కలిపాక 9 వచ్చింది! సంబరపడి ఇంటికొచ్చి కోడికూర తిన్నాం. రాత్రి పడుకున్నాక అనుమానం. టెస్టర్ మేకులు 5 మీటర్లు, 10 మీటర్ల దూరంలోనే గుచ్చాను. గది చుట్టూ ఉన్న పట్టీ మూల నుంచి మూలకే ఎనిమిది మీటర్లు ఉంటే, పదో మీటరు మేకు దాని నీడలోనే ఉంటుంది, తప్పుడు లెక్క ఇస్తుంది. పొద్దున్నే దూరం మేకు 40 మీటర్లకు, మధ్య మేకు 25 మీటర్లకు జరిపి కొలిచాను. 58 ఓములు. కోడి దండగ.

ఉప్పు పోయమని చెప్పనివాడు లేడు. ఉప్పు పోస్తే ఆ వారం తగ్గుతుంది, రెండు వానలకు కొట్టుకుపోతుంది, పోతూ పోతూ జీఐ పట్టీని తినేస్తుంది. పోయలేదు.

తడి ఉండే చోటికే పోవాలనిపించింది. గదికి 38 మీటర్ల దూరంలో నీటి కుంట ఉంది. ఎండాకాలంలో కూడా దాని కట్ట కింద మట్టి నల్లగా, చల్లగా ఉంటుంది. జేసీబీతో రెండు గంటలు కాలువ తీయించి పట్టీని అక్కడిదాకా పరిచాం. ఇప్పుడు మేకులను కాలువకు ఎదురు దిక్కున 100, 62 మీటర్లకు జరిపి కొలవాలి. 21 ఓములు. పైపుల చుట్టూ, కాలువలో బండ తేలిన రెండు చోట్ల ఆరు బస్తాల బెంటోనైట్ (తేమ పట్టి ఉంచే బంకమట్టి) నానబెట్టి పోశాం. 14.

బోరు కేసింగ్‌కి కలిపితే పదిలోపు వస్తుందని వెల్డర్ అన్నాడు. నిజమే. అప్పుడు పిడుగుకి మన మోటారే దారి అవుతుంది. వద్దన్నాను.

పది ఓములలోపు ఉండాలనేది మంచి గురి. కానీ ఆ అంకె దగ్గరే నిద్ర చెడగొట్టుకున్నందుకు తర్వాత నవ్వొచ్చింది. 30,000 ఆంపియర్ల పిడుగు మామూలు పిడుగే. దానికి 10 ఓముల దగ్గర కూడా గది 3 లక్షల వోల్టులకు లేస్తుంది. లోపలివాళ్లను కాపాడేది గోడ, కప్పు, కాళ్ల కింది నేల అన్నీ కలిసి ఒకేసారి అంతకు లేవడం. కరెంటు తీగ మీద పిట్టకేమీ కాదు చూడండి, అదే. చుట్టూ తిరిగిన పట్టీ అందుకే ముఖ్యం. గది నేల కాంక్రీటులో వేసే ఇనుప జాలీ అంతకంటే ముఖ్యం. ఆ జాలీ దగ్గరే ఇంకో దెబ్బ తిన్నాను.

ఖర్చు: పట్టీ 42 కిలోలు × 110 = 4,620. పైపులు 3,600. బెంటోనైట్ 2,100. జేసీబీ 2,400. టెస్టర్ మూడు రోజులు 1,500. బోల్టులు, తారు రంగు 900.
ఇప్పటిదాకా: 1,06,728.

దశ 5: నేల, రెండుసార్లు (ఏప్రిల్ 30 – మే 6)

కాగితం మీద గీసిచ్చాను: నాలుగు అంగుళాల కాంక్రీటు, మధ్యలో జాలీ, జాలీ ఆరు గుంజలకూ వెల్డింగ్. ఆ రోజు పెండ్లికి పోవాల్సి వచ్చింది. సాయంత్రం వచ్చేసరికి నేల నున్నగా, అద్దంలా ఉంది. జాలీ గోడకు ఆనించి అలాగే ఉంది.

"గింత చిన్న రూముకు జాలీ ఎందుకు సార్, లారీ ఎక్కుతదా ఏంది?" అన్నాడు మేస్త్రీ. బలానికనుకున్నాడు. తప్పు అతనిది కాదు, జాలీ ఎందుకో నేను చెప్పలేదు. కొలతలు మాత్రమే రాసిచ్చాను. ఈ డైరీ చదివి కట్టేవాళ్లు మేస్త్రీకి ఒక్క మాట చెప్పండి: "ఇది కరెంటు కోసం." కరెంటు అంటే ఎవరైనా జాగ్రత్త పడతారు.

మూడు రోజులు ఆగకుండా మర్నాడే పగలగొట్టించాను, పచ్చిగా ఉన్నప్పుడే సులువని. మళ్లీ జాలీ పరిచి, ప్రతి గుంజకూ రెండేసి చోట్ల వెల్డింగ్ పెట్టి, ఈసారి దగ్గర కూర్చుని పోయించాను.

ఖర్చు: మొదటి నేల 7,400. పగలగొట్టడం 1,800. జాలీ 2,600. రెండో నేల 6,900. మొత్తం 18,700, అందులో 9,200 వృథా.
ఇప్పటిదాకా: 1,25,428.

దశ 6: ఎండ, గడప (మే 7 – 15)

గది అయిందని కూలీలను పిలిచి చూపించాను. మిట్టమధ్యాహ్నం పిలవడం నా తెలివి. గుంపులో పెద్దది, మేమంతా అవ్వ అనే ఆమె, తల లోపల పెట్టి వెంటనే తీసేసింది.

"గీ డబ్బల కూసుంటే పిడుగు దాక ఎందుకు బిడ్డా, గంటల ఉడికిపోతం."

మధ్యాహ్నం రెండింటికి కొలిచిన అంకెలు: బయట నీడలో 42.6 డిగ్రీలు, లోపల 49.8. కప్పు మీద సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేశాక 45.1. కప్పు కింద రెండు పక్కలా అరడుగు సందు తీసి మెష్ కొట్టించాక 43.9. గడ్డి కప్పుదామని బాపు అన్నాడు. పిడుగు గది మీద ఎండుగడ్డి వద్దే వద్దు.

వాన ముందు గాలి తిరిగితే పది నిమిషాల్లో బయట చల్లబడుతుంది, పల్చటి రేకు కూడా దానితో పాటే చల్లబడుతుంది. ఆ సంగతి అవ్వకు మాటల్లో ఎక్కలేదు.

ఇంకో పని గడప ముందు. లోపలికి అడుగు పెట్టే క్షణంలో ఒక కాలు మట్టి మీద, ఒక చెయ్యి ఇనుము మీద ఉంటుంది. పిడుగుల ప్రమాణంలో దీనికి మందు 15 సెంటీమీటర్ల కంకర, గోడ నుంచి మూడు మీటర్ల దాకా. గది చుట్టూ వేస్తే నాలుగు ట్రాలీలు పైనే. తలుపు వైపు మాత్రం 10 అడుగుల వెడల్పున, 14 అడుగుల పొడవున అరడుగు మందం వేశాను, ఒక్క ట్రాలీలో సరిపోయింది. మిగతా మూడు వైపులా నిమ్మ ముళ్ల కొమ్మలు అడ్డం పెట్టాం, ఎవరూ గోడను ఆనుకుని నిలబడకుండా.

లోపలికి కరెంటు లైను తేలేదు. సోలార్ లాంతరు ఒకటి. కూర్చోవడానికి బత్తాయి ప్లాస్టిక్ క్రేట్లు బోర్లించాం, గోడకు అడుగు దూరంలో.

ఖర్చు: సున్నం, సందులు 3,550. కంకర 3,800.
ఇప్పటిదాకా: 1,32,778.

దశ 7: మనుషులు (మే 16 – జూన్ 12)

ఎవరూ రాకపోతే గది ఎంత గట్టిదైతే ఏం లాభం. ఈ దశకు అసలు తేదీలే వేసుకోలేదు మొదట్లో.

*పిలవడం.* దామిని యాప్ ఉంది, పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్లు చేసింది. మన చుట్టూ 20, 40 కిలోమీటర్ల వలయాల్లో పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది. ఇంటి దగ్గర బాగా పనిచేస్తుంది. కౌలు చేనులో సిగ్నల్ ఒక గీత, మబ్బు పడితే అదీ లేదు. అందుకే యాప్ పొద్దున చూసుకోవడానికి, చేనులో మాత్రం చెవులూ వేళ్లూ.

మోగించే గంట కోసం పాత ట్రాలీ కమాన్ పట్టీ వేలాడదీశాను. గాలి లేనప్పుడు 410 మీటర్లు వినిపించింది. గాలి ఎదురైతే 200 కూడా పోలేదు. లారీ హారన్ ఒకటి కొని, మందు కొట్టే బ్యాటరీ పంపు బ్యాటరీకి తగిలించాను, అది 12 వోల్టులే. ఇప్పుడు పక్క ఊరికి కూడా తెలుస్తుంది మాకు ఉరిమిందని.

*నమ్మించడం.* ఇనుప డబ్బాలోకి కరెంటు రాదని చూపించడానికి నా ఫోను స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి మూత వేశాను. "ఇప్పుడు ఫోన్ చేయండి, మోగదు" అన్నాను. మోగింది. రింగ్‌టోన్‌తో సహా. మూత సందులోంచి సిగ్నల్ దూరుతుందని, పిడుగు లెక్క వేరని చెప్పేలోపు నవ్వులతో ఎవరికీ ఏదీ వినిపించలేదు. ఈ ప్రయోగం మీరు చేయకండి.

*మే 23, మొదటి గాలివాన.* నాలుగున్నరకు మెరుపు, 24 లెక్కపెట్టేసరికి ఉరుము. ఎనిమిది కిలోమీటర్లు. హారన్ కొట్టాను. 18 మందిలో 14 మంది వచ్చారు, ఆఖరి మనిషి చేరేసరికి 9 నిమిషాల 10 సెకన్లు. నలుగురు చింతచెట్టు కిందికే పోయారు, వాళ్ల సద్ది మూటలు, నీళ్ల క్యాను అక్కడున్నాయని. తలుపు బయటికి తెరుచుకునేది. గాలి పట్టి లాగితే పై మడత బందు ఊడి, తలుపు వేలాడింది. అరచేతిలో రేగుపండంత వడగండ్లు. రేకుల మీద ఆ మోతకు పక్కమనిషి మాట వినిపించలేదు. సరే, మరి ఆఖరి ఉరుము ఎప్పుడో ఎలా తెలుస్తుంది? తెలియలేదు. మెరుపు కనిపించిన టైము గోడ మీద సుద్దతో రాసి, ఆఖరి మెరుపు నుంచి 30 నిమిషాలు చూశాం. ఇప్పటికీ అదే పద్ధతి.

ఆ తర్వాత మార్చినవి:

1. తలుపు పక్కకు జరిగేదిగా మార్చాం. తలుపు కూడా చట్రానికి అంటి ఉండాలి కదా, ట్రాక్టర్ బ్యాటరీకి ఎర్త్‌గా వేసే అల్లిన రాగి పట్టీలు రెండు కలిపి బిగించాను. ఒక్కటైతే పొడవు చాలదు, తలుపు సగంలోనే ఆగిపోతుంది.
2. నీళ్ల క్యాను, సద్ది మూటలు పొద్దున్నే గదిలో పెట్టడం. మధ్యాహ్నం అన్నం అక్కడే, తలుపు తెరిచి, నీడ తిరిగాక.
3. లోపల బోర్డు మీద నా చేతి రాత: "హారన్ మోగినాక ఇక్కడ కూర్చున్నంతసేపు కూలి కోయబడదు."

మూడోది అవ్వ అడిగితే రాసింది. మే 23న రాని నలుగురిలో ఒకామె చెప్పిందట, అరగంట కూర్చుంటే పటేలు కూలి కోస్తాడేమో, చెట్టు కిందైతే వాన తగ్గగానే మళ్లీ సాలు పట్టొచ్చని. నాకు తట్టనే లేదు. లక్షా ముప్పై వేలు పెట్టి, ఓములు లెక్కపెట్టి, ఈ ఒక్క మాట చెప్పడం మరిచిపోయాను. బాపు మొదట గులిగాడు. ఏడాదికి అలాంటి పూటలు ఎన్నొస్తాయో వేళ్ల మీద లెక్కపెట్టి చూపిస్తే ఊరుకున్నాడు.

బోర్డు కింద ఇంకో రెండు లైన్లు కూడా ఉన్నాయి. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొట్టదు. ఊపిరి లేకపోతే వెంటనే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాలి, ఇంకొకరు 108కి చేయాలి.

*జూన్ 11, రెండోది.* విత్తనాలు వేసే రోజు. హారన్ మోగాక 18 మందీ 5 నిమిషాల 40 సెకన్లలో వచ్చారు. అందరికంటే ముందు అవ్వ. ఉడుకుతుందన్న మాట ఎత్తలేదు, గాలి చల్లగా తిరిగింది కదా. నేనూ ఎత్తలేదు.

ఖర్చు: హారన్, వైర్లు 1,580. తలుపు మార్పు 2,700.
ఇప్పటిదాకా: 1,37,058. ఇందులో నా తప్పుల ఖాతా 11,300, తలుపు కాకుండా.

దశ 8: వానల తర్వాత (జులై 19)

టెస్టర్ మళ్లీ కిరాయికి తెచ్చాను (500, మొత్తం 1,37,558). ఎర్త్ 7.6 ఓములు. ఎండాకాలంలో 14, వానల్లో 7.6. కొలిచేవాళ్లు ఏప్రిల్‌లోనే కొలవండి. 27 బోల్టుల్లో రెండింటికి తుప్పు మొదలైంది, తారు రంగు పల్చగా పూసిన చోట. తోమి మళ్లీ పూశాం.

మధ్యాహ్నం ఉరిమింది, హారన్ కొట్టాం. కూలీలతో పాటు గొర్లాయన కూడా పరిగెత్తుకొచ్చాడు, పోయినేడు మూడు గొర్లు పోయింది ఆయనవే. తలుపు దగ్గర ఆగి మందవైపు చూశాడు.

"మరి వీటి సంగతేంది తమ్మీ?"

62 గొర్లు. నా దగ్గర జవాబు లేదు. చెట్టు కింద గుమిగూడకుండా పల్లంలోకి చెదరగొట్టి రమ్మన్నాను, మా పిల్లగాడొకడు తోడు లేచాడు, వాణ్ని ఆపి గొర్లాయననూ ఆపాను. అప్పటికే 12 సెకన్లకు ఉరుముతోంది. ఆయన కుక్క ఒక్కటే పోయి మందను చెట్టు దగ్గర్నుంచి కుంట వైపు తోలింది. ఆయన భుజం మీదున్న రెండు పిల్లల్ని మాత్రం లోపలికి తెచ్చుకున్నాడు.

ఆఖరి మెరుపు 3:52కి. సుద్దతో రాశాం. 4:22కి తలుపు జరిపితే 60 గొర్లూ కట్ట కింద మేస్తున్నాయి. గొర్రెపిల్లలు రెండూ క్రేటు పక్కన నేలంతా పెంటికలు పెట్టాయి. అవ్వే చీపురు తీసుకుని ఊడ్చింది.